కాంట్రాక్టు ఉద్యోగమంటే పిల్లనెవరిస్తారు?

మిర్యాలగూడ దగ్గరి నుంచి ఓ రైతు రాశారు: "మావాడు హైదరాబాద్‌ల సాఫ్ట్‌వేర్. సర్వీసు నాలుగేండ్ల ఏడు నెలలు, చేతికి 70 వేలు. వేరే కంపెనీ కాంట్రాక్టు మీద నెలకు లక్ష ఇస్తనంటోంది. సంబంధాలు చూస్తున్నం, ఇల్లు లోను కూడా అనుకున్నం. పోనియ్యాల్నా?"

లక్షలో పది శాతం టీడీఎస్, అంటే ముందే కోసే ఆదాయపు పన్ను, పోతే చేతికొచ్చేది 90 వేలు. రిటర్ను వేస్తే అందులో చాలావరకు వెనక్కొస్తుంది, ఆ లెక్క ఆడిటర్ చూసుకుంటాడు. ఏడాదికి 20 లక్షలు దాటదు కాబట్టి జీఎస్టీ గొడవా లేదు.

పోయేవి వేరే ఉన్నాయి. పీఎఫ్‌లో కంపెనీ వాటా ఆగిపోతుంది. సెలవు పెడితే ఆ రోజు డబ్బు రాదు. కంపెనీ ఆరోగ్య బీమాలో మీ ఇద్దరి పేర్లూ ఉంటే అవీ పోతాయి. కొత్త పాలసీ తీసుకుంటే, షుగర్ ఉన్నవాళ్లకు దాని ఖర్చులు రావడానికి మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు.

నా అసలు అనుమానం ఇంకొకటి. ఈ మధ్య నా దగ్గరికొచ్చే పిల్లలంతా "ఫ్రీలాన్సర్ అయిపోతా సార్" అంటున్నారు. అగ్రిమెంటు తెమ్మని చదివితే అదే టైము, అదే మేనేజరు, ఒక్కటే క్లయింటు. ఇక స్వతంత్రం ఎక్కడుంది? పీఎఫ్ కోసేసిన నౌకరీ అది. ఎన్ని రోజుల నోటీసుతో తీసేయొచ్చో, బిల్లు పెట్టిన ఎన్నాళ్లకు డబ్బిస్తారో ఆ కాగితంలో మీవాడు చూశాడా?

ఇక మీ సంగతి. ఉత్తరంలో సంబంధాల మాట, లోను మాట రాశారు, వాడికి ఆ పని ఇష్టమో కాదో ఒక్క ముక్క రాయలేదు. జీతం లేనివాళ్లను బ్యాంకు రెండు మూడేళ్ల రిటర్నులు అడుగుతుంది. ఇల్లు అన్నాళ్లు ఆగితే కొంపలేం మునగవు. నెల జీతం ఎరగకుండానే వాణ్ని ఇంజనీరును చేసిన మీకు ఇంత భయమెందుకు?

పోవద్దనను, అయిదు నెలలు ఆగమంటాను. అయిదేళ్లు నిండితే గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం మానేటప్పుడు కంపెనీ ఇచ్చే సొమ్ము, వస్తుంది. బేసిక్ 35 వేలుంటే, నెలంటే 26 రోజుల లెక్కన, ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున లక్ష దాటుతుంది. ఈలోగా ఆరు నెలల ఇంటిఖర్చు పక్కన పెట్టమనండి. ఎందుకని అడిగితే, సాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదలని యాసంగిలో ఇల్లెట్లా గడిచిందో మీరే కూర్చోబెట్టి చెప్పండి.