బడికి బాత్రూంలు మేం కట్టాలా, సర్కారు కట్టాలా?

ప్రశ్న: మాది కల్వకుర్తి దగ్గర ఊరు. 1999–2000 పదో తరగతి బ్యాచ్ వాళ్లం మొన్న ఆత్మీయ సమ్మేళనం పెట్టుకున్నాం. మేం చదివిన జడ్పీ హైస్కూల్‌కు ఏమైనా చేద్దామని 3 లక్షలు పోగేశాం. బడిలో ఇప్పుడు 180 మంది ఉన్నారు. ఆడపిల్లల బాత్రూంలు పాడుబడ్డాయి, కొత్తవి కట్టివ్వమని హెచ్ఎం సార్ అడుగుతున్నారు. అది సర్కారు పని, మనం కడితే వాళ్లు చేతులు దులుపుకుంటారని సగం మంది దోస్తులు అడ్డు చెప్తున్నారు. ఏం చేయమంటారు మేడమ్?

జవాబు: తమ్ముడూ, మీ దోస్తులు అన్నది నిజమే. కానీ ఆ మాట అని ఊరుకుంటే ఎనిమిదో తరగతి ఆడపిల్లకు ఒరిగేదేమీ లేదు. నేను హెచ్ఎంగా చేసిన ఒక బడిలో ఆడపిల్లలు పొద్దున ఇంట్లో తాగిన నీళ్లే, మళ్లీ సాయంత్రం ఇంటికి పోయాకే తాగేవాళ్లు. మధ్యాహ్న భోజనం దగ్గర కూడా గ్లాసు ముట్టేవాళ్లు కాదు. నెలసరి వస్తే బడికే రారు. అందుకే మీ డబ్బు ఆపొద్దంటాను.

అయితే ఇది సర్కారు మన పిల్లలకు పడ్డ బాకీ. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం షెడ్యూల్‌లోనే ఆడ, మగ పిల్లలకు వేరువేరు టాయిలెట్లు, తాగునీళ్లు ఉండాలని రాసి ఉంది. ఆ చట్టం ఎనిమిదో తరగతి దాకా, మీ బడిలోనూ ఆరు, ఏడు, ఎనిమిది ఉన్నాయి కదా. 2022 మార్చి 8న వనపర్తిలో మొదలుపెట్టిన, సర్కారు బడులను బాగుచేసే ‘మన ఊరు – మన బడి’ పథకానికి 26 వేల పైచిలుకు బడుల కోసం 7,289 కోట్లు అన్నారు, అందులోనూ నీటి వసతితో టాయిలెట్లు ఉన్నాయి. తొలి విడత 9,123 బడుల్లో మీది ఉందా? ఉంటే ఎంత మంజూరైంది, పని ఎక్కడ ఆగింది? సమాచార హక్కు చట్టం కింద డీఈవో (జిల్లా విద్యాధికారి) ఆఫీసుకు రాయండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. దాన్ని జతచేసి సోమవారం ప్రజావాణిలో కలెక్టర్‌కు దరఖాస్తు పెట్టండి. కింద పిల్లల తల్లుల సంతకాలు ఉండాలి, మీవి మాత్రమే సరిపోవు.

ఈలోగా ఉన్న బాత్రూంలనే బాగు చేయించండి. తలుపులు, గడియలు, ట్యాంకు, మోటారు, నల్లా. మూడు లక్షలూ గోడలకే పెట్టొద్దు. రిబ్బన్ కట్ చేసి, ఫొటో దిగి, ఆరు నెలలకే తాళం పడ్డవి పాలమూరు పల్లెల్లో ఎన్నో చూశాను. నీళ్లు లేక, కడిగే మనిషి లేక. బడులకు నిధులిచ్చే సమగ్ర శిక్షా పథకం లెక్కలో 101 నుంచి 250 మంది ఉన్న బడికి ఏడాదికి 50 వేల గ్రాంటు, అంటే నెలకు నాలుగు వేల చిల్లర. చాక్‌పీసులు, రిజిస్టర్లు, చిన్నచిన్న రిపేర్లు దాంట్లోనే వెళ్లాలి. అందుకే కొంత డబ్బు పక్కన పెట్టి, కడిగే ఆమెకు నెలనెలా జీతం అందేలా చూడండి. ఇచ్చిన ప్రతి రూపాయికీ స్కూల్ కమిటీ తీర్మానం రాయించండి, కొన్న మోటారు స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కాలి.

ఒక్కదానికి మాత్రం నేను ఒప్పుకోను. రేపు లెక్కల సార్ లేడు, మీరే ఒకరిని పెట్టి జీతమివ్వండి అని అడుగుతారు. ఇవ్వకండి. క్లాసు ఎలాగో నడుస్తోందని తెలిస్తే ఆ ఖాళీ గురించి పైన ఎవరూ పట్టించుకోరు. దానికీ దరఖాస్తే పెట్టండి.

ఆ దరఖాస్తుల పని, అడ్డు చెప్పిన ఆ సగం మందికే అప్పజెప్పండి.