పెళ్ళయ్యాక మొదటి ప్రయాణానికి నీస్ ఎలా ఉంటుంది?

మీ అక్కావాళ్ళు కూడా పిల్లలతో వెంట వస్తామంటున్నారని రాస్తూ, వారం సెలవులో పారిస్, స్విట్జర్లాండ్, ఫ్రాన్స్ తీరాన ఉన్న నీస్ మూడూ చుట్టి రావచ్చా అని అడిగారు. రావచ్చు. రైళ్ళున్నాయి, విమానాలున్నాయి. కాకపోతే సగం సెలవు సూట్‌కేసులు సర్దుకోవడానికే సరిపోతుంది. పెళ్ళయి మూడు నెలలే అంటున్నారు కాబట్టి చెప్తున్నాను, మిగతా రెండూ కొట్టేసి నీస్ ఒక్కటే ఉంచుకోండి. మేం కలిసి వెళ్ళిన మొదటి ఊరు అదే.

మాది పెద్దలు కుదిర్చిన పెళ్ళి. మా ఆయన ఉద్యోగం జర్మనీలోని మ్యూనిక్‌లో. పెళ్ళయిన కొద్దిరోజులకే ఆయన విమానం ఎక్కేశారు, నా వీసా వచ్చేసరికి నెలలు పట్టింది. రోజూ ఫోన్లో గంటలకొద్దీ మాట్లాడుకునేవాళ్ళం గానీ, ఈ మనిషి పొద్దున్న లేచాక ఎంతసేపటికి నోరు విప్పుతాడు, ఆకలేస్తే ఎలా అయిపోతాడు, ఎంత వడిగా నడుస్తాడు అన్నవి ఫోన్లో ఎలా తెలుస్తాయి? నీస్‌లో తెలిశాయి. ఆయనకీ నా సంగతులు తెలిశాయి లెండి.

ముందు ఊరి గురించి. ఫ్రాన్స్‌కి ఆగ్నేయాన మధ్యధరా సముద్రం ఒడ్డున, ఇటలీ సరిహద్దుకి దగ్గర్లో ఉంటుంది. 1860లో ఫ్రాన్స్‌లో కలిసేదాకా అది ఇటలీ వైపున్న సార్డీనియా రాజ్యానిది. అందుకే పాత ఊళ్ళోకి అడుగుపెడితే పసుపు, కాషాయం గోడలు, ఆకుపచ్చ కిటికీ తలుపులు, వీధికి అడ్డంగా ఆరేసిన బట్టలు, అంతా ఇటలీ వాలకమే. సముద్రం వెంబడి సుమారు 7 కిలోమీటర్ల నడకదారి ఉంది, ప్రొమెనాడ్ దేజాంగ్లే అంటారు. 1820ల్లో చలికాలం గడపడానికొచ్చిన ఇంగ్లిషువాళ్ళు చందాలేసుకుని, పనుల్లేని పేదవాళ్ళకి కూలి ఇచ్చి మొదట వేయించిన బాట అది. దాని పొడవునా నీలం కుర్చీలు సముద్రం వైపు తిరిగి ఉంటాయి. ఎవరైనా కూర్చోవచ్చు, డబ్బులేం అడగరు. చలికాలపు విడిది ఊరుగా ఎదిగినందుకే 2021లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

బీచ్ గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. ఇసుక ఉండదు, అన్నీ గులకరాళ్ళే. నేను విశాఖలో పుట్టి పెరిగాను, బీచ్ అంటే చెప్పులు చేతిలో పట్టుకుని నడవడమే నాకు తెలుసు. ఇక్కడ చెప్పులు విప్పితే నాలుగడుగులు పడవు. కరీంనగర్లో పెరిగిన మా ఆయనకి సముద్రమే కొత్త. రెండు చేతులూ గాల్లో చాపి, ఒక్కో రాయినీ పాదంతో తడిమి చూసుకుంటూ నీళ్ళదాకా వచ్చి, మోకాళ్ళు తడవగానే నా మోచెయ్యి పట్టుకున్నారు. ఆ పట్టుకోవడం చాలాసేపు వదల్లేదు. అక్కడ ఒడ్డు దిగగానే లోతు వచ్చేస్తుంది, ఈత రానివాళ్ళు జాగ్రత్తగా ఉండాలి. రాళ్ళ మీద వేసుకునే రబ్బరు చెప్పులు దగ్గర్లోని దుకాణాల్లోనే అమ్ముతారు, దిగిన రోజే కొనేసుకోండి. ఇక అల వెనక్కి వెళ్ళేటప్పుడు ఆ రాళ్ళన్నీ ఒకదానిమీద ఒకటి దొర్లి గలగలమంటాయి చూశారూ, ఆ చప్పుడు మన తీరంలో ఎక్కడా వినలేదు నేను.

ఇసుక కావాలంటే రైలెక్కి పక్క ఊరు విల్‌ఫ్రాంష్ వెళ్ళండి, పది నిమిషాలు కూడా పట్టదు. స్టేషన్ మెట్లు దిగితే బీచే. ముతక ఇసుక, చుట్టూ కొండలుండటంతో నీళ్ళు కదలకుండా ఉంటాయి. మా ఆయన భుజాల దాకా మునిగింది అక్కడే.

బీచ్‌లో బట్టల సంగతి కూడా అడిగారు. అక్కడివాళ్ళు ఎండ కోసమే వస్తారు, కొందరు పైన ఏమీ వేసుకోరు. మొదటి అరగంట మీ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేరు, తర్వాత పట్టించుకోవడం మానేస్తారు. మీరేం వేసుకున్నా ఎవరూ చూడరు, నేను లెగ్గింగ్స్‌తోనే నీళ్ళలోకి దిగాను. ఇంటికి వీడియో కాల్ చేసేటప్పుడు మాత్రం కెమెరా భవనాల వైపు తిప్పండి.

ఇప్పుడు మీరు అడగని సంగతి ఒకటి. మా ఆయన ప్రయాణానికి ముందే ఎక్సెల్ షీటు వేశారు. గంటకో గడి, గడికో ఊరు. నాకేమో ఒకచోట కూలబడి మనుషుల్ని చూడటం ఇష్టం. ఒకరోజు పొద్దున్న కాఫీ దగ్గర ఆయన, పక్కనే ఉన్న బుల్లి దేశం మొనాకో వెళ్దామన్నారు. నేను "మీరు వెళ్ళిరండి, నేను ఇక్కడే ఉంటాను" అన్నాను. ఆయన మొహం వాడిపోయింది, అలిగాననుకున్నారు. అలగలేదు, నిజంగానే ఉండాలనిపించింది. "ఫొటోలు ఎవరు తీస్తారు?" అన్నారు. అదీ ఆయన బాధ!

వెళ్ళారు. మొనాకో అక్కడికి రైల్లో అరగంట లోపే. ఫార్ములా వన్ పందెం జరిగే దారి మామూలు రోజుల్లో అందరూ తిరిగే రోడ్డేనట, ఆ 3.3 కిలోమీటర్లూ ఒక్కరే నడిచారు. నేను చిత్రకారుడు షగాల్ బొమ్మలుండే మ్యూజియంకి వెళ్ళాను. బొమ్మల గురించి నాకు పెద్దగా తెలియదు. అక్కడ ఒక చిన్న గదిలో బైబిల్లోని ప్రేమగీతం మీద వేసిన అయిదు ఎర్రటి చిత్రాలున్నాయి. ఆ ముసలాయన వాటిని తన భార్య వావాకి అంకితం ఇచ్చాడు. అక్కడే బల్ల మీద ఎంతసేపు కూర్చున్నానో. సాయంత్రం కలిశాక ఆయన మలుపుల గురించి, నేను ఎరుపు గురించి ఒకరి మాటకి ఒకరం అడ్డొచ్చుకుంటూ చెప్పుకున్నాం. అంతకుముందు రోజు భోజనం బల్ల దగ్గర మాటల కోసం వెతుక్కున్నవాళ్ళం. హనీమూన్‌లో విడివిడిగా తిరగడమేంటని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. ఒక్క పూట వదిలి చూడండి అంటాను నేను. నీస్‌లో అది తేలిక, ఊరి నడిబొడ్డు చిన్నది, ఒంటరిగా ఆడవాళ్ళు తిరగడం అక్కడ మామూలే, ఏ వీధిలో తప్పిపోయినా సముద్రం వైపు నడిస్తే దారి దొరుకుతుంది.

ఆ ఊళ్ళో రోజూ మధ్యాహ్నం పన్నెండుకి ధామ్మని ఒక పేలుడు వినిపిస్తుంది, కంగారు పడకండి. 1860ల్లో అక్కడికొచ్చిన ఒక స్కాట్లాండ్ పెద్దమనిషి, భార్య కబుర్లలో పడి భోజనం వేళకి ఇంటికి రావడం లేదని కొండమీద ఫిరంగి పేల్చే ఏర్పాటు చేయించాడని చెప్పుకుంటారు. ఇప్పుడు ఫిరంగి బదులు పెద్ద బాణసంచా పేలుస్తారు. ఆ కొండ పేరు కోట కొండ, కోట మాత్రం లేదు. 1706లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ దండెత్తి గెలిచి కూలగొట్టించాడు. లిఫ్టుంది, ఉచితం. పైనుంచి ఒకవైపు ఎర్రపెంకుల పాత ఊరు, వంపు తిరిగిన తీరం, ఇంకోవైపు ఓడరేవు. సూర్యాస్తమయం అక్కడే చూడాలని పట్టుబట్టకండి, జూన్‌లో తొమ్మిది దాటితేగానీ పొద్దు గుంకదు, చాలా రోజులు ఆలోపే పార్కు గేట్లు మూసేస్తారు. పొద్దున్నే ఎక్కండి.

మీ ఆవిడ శాకాహారి అన్నారు. ఫ్రాన్స్‌లో ఇది కష్టమే, నీస్‌లో నయం. సొక్కా అని ఒకటుంది. శనగపిండి, నీళ్ళు, ఆలివ్ నూనె, ఉప్పు, అంతే. పెద్ద రాగి పళ్ళెంలో పలచగా పోసి కట్టెల పొయ్యిలో కాలుస్తారు. అంచులు నల్లగా మాడి, మధ్యలో మెత్తగా ఉంటుంది. ముక్కలుగా గీరి కాగితంలో పెట్టి ఇస్తారు, మీద మిరియాలపొడి దండిగా చల్లుకోవాలి. మొదటి ముక్క నోట్లో పెట్టుకోగానే మా ఆయన "మా అమ్మ శనగపిండి అట్టు ఇలాగే మాడుస్తుంది" అన్నారు. వేడి మీదే తినండి, చల్లారితే అట్టముక్కే. పాత ఊళ్ళో కూర్ సాలేయా అనే పూల సంత ఉంది, అక్కడా దొరుకుతుంది. కూరల అంగళ్ళు పొద్దుటిపూటే, మధ్యాహ్నానికల్లా ఎత్తేస్తారు. సోమవారం పూలు, కూరలకి బదులు పాత సామాన్ల అంగళ్ళు పెడతారు.

గుమ్మడి జాతి పువ్వులతో వేసే బజ్జీలు కూడా అక్కడ ప్రత్యేకం, తప్పక అడగండి. కానీ పిస్సలదియేర్ అనే ఉల్లిపాయల రొట్టె చూడటానికి శాకాహారంలా ఉన్నా అందులో ఆంకోవీ అనే చిన్న చేపలుంటాయి. నీస్ సలాడ్‌లో కూడా చేపే. ఆకుకూర, కిస్‌మిస్‌లు వేసి చేసే తీపి టార్ట్ ఒకటుంది, వింటే వింతగా ఉంటుంది, తింటే బాగుంటుంది. భోజనం పన్నెండు నుంచి రెండు దాకా, రాత్రి ఏడు దాటాక. మధ్యలో చాలా హోటళ్ళలో వంటిల్లు మూసేస్తారు, ఆకలికి చిరాకుపడే మనిషి పక్కన ఉంటే ఇది గుర్తుపెట్టుకోండి. నీళ్ళ సీసా కొనక్కర్లేదు, "కరాఫ్ దో" అంటే కుళాయి నీళ్ళు ఉచితంగా తెచ్చిస్తారు. దుకాణంలో అడుగుపెట్టగానే ముందు "బోంజూర్" అనండి. అది అనకుండా ఏదైనా అడిగితే మొహం మాడ్చుకుంటారు.

వీసా సంగతి. ఫ్రాన్స్‌లోనే ఎక్కువ రోజులు ఉంటారు కాబట్టి షెంగెన్, అంటే యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే వీసాకి, ఫ్రాన్స్‌కే దరఖాస్తు పెట్టాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, ఆఖరి గడువు పదిహేను రోజుల ముందు, అంతదాకా ఆగొద్దు. 30,000 యూరోలకి తగ్గకుండా బీమా కావాలి. మీ ఆవిడ పాస్‌పోర్టులో ఇంకా పుట్టింటి ఇంటిపేరే ఉన్నా కంగారు లేదు, పెళ్ళి ధ్రువపత్రం జతచేయండి. హైదరాబాద్ నుంచి నేరుగా విమానం లేదు, దుబాయ్ మీదుగా వెళ్ళొచ్చు. విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి ట్రామ్ ఉంది, టాక్సీ అవసరం లేదు. ట్రామ్‌లో జేబుదొంగలుంటారు, బ్యాగు ముందుకి వేసుకోండి.

జూన్ లేదా సెప్టెంబర్ మంచివి. జూలై, ఆగస్టుల్లో జనం కిటకిట. కాన్ (మనం కేన్స్ అంటాం) చిత్రోత్సవం, మొనాకో కారు పందెం రోజుల్లో హోటల్ ధరలు మండిపోతాయి, ఆ తేదీలు చూసుకుని బుక్ చేయండి. గది ఊరి మధ్యలోని పెద్ద కూడలి ప్లాస్ మస్సేనా దగ్గర్లో తీసుకోండి. పాత ఊళ్ళో గదులు ఫొటోల్లో ముచ్చటగా ఉంటాయి గానీ చాలా ఇళ్ళకి లిఫ్టు ఉండదు, కింద బార్లు అర్ధరాత్రి దాటినా మూయరు.

ఇక వెంట వస్తామంటున్న మీ అక్కావాళ్ళ సంగతి. వద్దని మొహంమీద చెప్పలేరు, నాకు తెలుసు. బీచంతా రాళ్ళు, ఇసుక లేదు, పిల్లలకి ఇబ్బంది అని చెప్పండి. అబద్ధం కూడా కాదు. వచ్చే ఏడాది అందరూ కలిసి స్విట్జర్లాండ్ పెట్టుకోండి.