హన్మకొండలో ఉంటున్నాం, ఏడు నెలల పాపకు ఎస్‌ఎంఏ టైప్‌-1 (కండరాలు బలహీనపడే జన్యు వ్యాధి). 16 కోట్లు ఎలా పోగుచెయ్యాలి?

ముందు ఆ 16 కోట్ల అంకెను పక్కన పెట్టండి. అది ఒక్కసారి ఇచ్చే జీన్ థెరపీ ధర. రోజూ నోటి ద్వారా ఇచ్చే రిస్డిప్లామ్ అనే మందు కూడా ఉంది. 2025లో మన హైదరాబాద్ కంపెనీ నాట్కో దాని జనరిక్‌ను సీసా 15,900కు తెచ్చింది. సీసాలో 60 మి.గ్రా. ఉంటుంది. ఈ వయసుకు డోసు కిలోకు 0.2 మి.గ్రా., అంటే 7 కిలోల పాపకు రోజుకు 1.4 మి.గ్రా. సీసా ఆరు వారాలొస్తది. ఫ్రిజ్‌లో పెట్టాలి, సీసాలోని పొడిని నీళ్లతో కలిపిన 64 రోజుల తర్వాత పారెయ్యాలి. బరువు పెరిగితే డోసు, ఖర్చు రెండూ పెరుగుతయి. ఏ మందన్నది డాక్టరే చెప్పాలి.

జన్యు పరీక్ష రిపోర్టుతో పంజాగుట్ట నిమ్స్‌కు పోండి. అరుదైన వ్యాధుల జాతీయ విధానం కింద అది గుర్తింపు పొందిన కేంద్రం, సాయం 50 లక్షల దాకా ఉంటుంది. డబ్బు ఆలస్యం కావచ్చు, పేరు మాత్రం వెంటనే నమోదు చేయించండి.

విరాళాలు అడిగేటప్పుడు ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద ఏడాది ఖర్చు అంచనా రాయించుకోండి. మందు ఒక్కటే కాదు, ఫిజియోథెరపీ, కఫం లాగే సక్షన్ మిషన్ కూడా అందులో ఉండాలి. సొంత ఫోన్‌పే నంబరు వాట్సాప్ గ్రూపుల్లో తిప్పకండి. బంధువులు కానివాళ్ల నుంచి ఏడాదిలో 50 వేలు దాటితే మొత్తం మీ ఆదాయం కింద లెక్కకొస్తది. పైగా పాప ఫొటోకు వేరే నంబరు అతికించి తిప్పే దొంగలున్నరు. సొమ్ము నేరుగా ఆసుపత్రి ఖాతాకు పోయేలా చూడండి.

మళ్లీ బిడ్డను కనాలనుకుంటే ప్రతి గర్భానికీ ఈ జబ్బు వచ్చే ముప్పు 25 శాతం. కడుపులో బిడ్డకు ఉందో లేదో పదకొండో వారంలోనే పరీక్ష చేయించొచ్చు.