తాత్కాలిక రాష్ట్రపతి అంటే ఉత్త సంతకాల మనిషేనా? గిరి గారి సంగతి చూడండి

"తాత్కాలిక రాష్ట్రపతులు నిజంగా ఏమైనా చేశారా, లేక కుర్చీ ఖాళీగా ఉండకూడదని కూర్చోబెట్టారా" అని అడిగారు. చేశారండీ. వి.వి. గిరి గారు పూర్తిస్థాయి రాష్ట్రపతిగా ఉన్న ఐదేళ్లలో కంటే తాత్కాలికంగా ఉన్న ఆ రెండున్నర నెలల్లోనే ఎక్కువ చేశారని నేను గట్టిగా నమ్ముతాను.

మాది రైల్వే కుటుంబం. తాతయ్య ఖరగ్‌పూర్ వర్క్‌షాప్‌లో ఫిట్టర్. శ్రీకాకుళం వైపు నుంచి పొట్ట చేతపట్టుకుని వెళ్లిన మనవాళ్లు అక్కడ బోలెడుమంది, ఇప్పుడు ఖరగ్‌పూర్ అంటే అందరికీ ఐఐటీ ఒక్కటే గుర్తొస్తుంది, అది నాకు భలే బాధ. బరంపురంలో పుట్టిన గిరి గారు డబ్లిన్‌లో లా చదువుతూ ఐరిష్ వాళ్ల పోరాటంలో ఉన్నారన్న అనుమానంతో 1916లో అక్కణ్ణుంచి పంపించేస్తే, ఇక్కడికొచ్చి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికుల్లో పడ్డారు. ఆఫీసర్ కాదు, యూనియన్ మనిషి. ఉద్యోగాల కోతల మీద 1927లో ఖరగ్‌పూర్‌లో పెద్ద సమ్మె జరిగింది, దాని గురించి తాతయ్య వాళ్ల నాన్న చెప్పిన మాటలు తాతయ్య నోట మళ్లీ మళ్లీ విన్నాను.

1969 మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ గారు పదవిలోనే పోయారు, ఉపరాష్ట్రపతిగా ఉన్న గిరి గారు ఆ బాధ్యత తీసుకున్నారు. అసలు రాష్ట్రపతి పదవికి తనే పోటీ చేయాలనుకున్నారు, అందుకు రాజీనామా చేస్తే ఆ పని చూసే మనిషే ఉండడు, అలాంటప్పుడు ఎవరు చూడాలో రాజ్యాంగంలో రాసి లేదు. అందుకని మేలోనే ఒక చట్టం చేసి అలాంటప్పుడు సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి చూసుకోవాలని పెట్టారు.

ఇక జులై 19, శనివారం. సోమవారం పార్లమెంటు మొదలవ్వాలి, ఆదివారం గిరి గారు దిగిపోవాలి. ఆ శనివారమే 50 కోట్లకి పైగా డిపాజిట్లున్న 14 బ్యాంకుల్ని జాతీయం చేసే ఆర్డినెన్స్ మీద సంతకం పెట్టారు. రాత్రి ఇందిరాగాంధీ గారి రేడియో ప్రసంగం వినడానికి క్వార్టర్స్ లైన్లో సగం మంది మా తాతయ్య వాళ్ల వరండాలోనే ఉన్నారట. పక్కింటాయన "ఇదంతా ఇందిరమ్మ పని, గిరి గారిదేముంది" అన్నాడట, తాతయ్యకి తిక్క రేగి "1954లో బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పుని సర్కారు మార్చిందని కేంద్రంలో కార్మిక మంత్రి పదవే వదిలేసి పోయాడు, ఆయనకి బ్యాంకుల సంగతి తెలీదా" అని అర్ధరాత్రి దాకా వాదించాడట. నాదీ తాతయ్య మాటే. వేరే ఎవరున్నా "నేను రేపు పోయేవాణ్ణి, వచ్చేవాళ్లు చూసుకుంటారు" అని ఫైలు పక్కన పడేసేవాళ్లు. మర్నాడు గిరి గారు రాజీనామా చేశారు, ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా గారొచ్చారు.

కోచింగ్ సెంటర్ల నోట్సులో ఇదంతా "తొలి తాత్కాలిక రాష్ట్రపతి ఎవరు" అనే ఒక్క బిట్టుగా మిగిలింది. పిల్లలు పేరు టిక్కు పెట్టి వెళ్లిపోతారు. మన అనంతపురం నీలం సంజీవరెడ్డి గారి మీద ఇండిపెండెంటుగా నిలబడి రెండో ప్రాధాన్య ఓట్లతో గట్టెక్కారనీ, 1970 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ బ్యాంకుల చట్టం కొట్టేస్తే కొత్త ఆర్డినెన్స్ మీద మళ్లీ ఆయనే సంతకం పెట్టారనీ ఎవరికి కావాలి!

నాకు మింగుడుపడనిది 1974 మే. దేశమంతా రైల్వే సమ్మె, వేలమంది అరెస్టులు. దాన్ని నడిపిన జార్జ్ ఫెర్నాండెజ్ అప్పుడు అధ్యక్షుడిగా ఉన్న ఆల్ ఇండియా రైల్వేమెన్స్ ఫెడరేషన్‌ని మొదట్లో నిలబెట్టినవాళ్లలో గిరి గారొకరు, పదేళ్లకి పైగా దాని జనరల్ సెక్రటరీ కూడా. సమ్మె అణిచేస్తున్నప్పుడు రాష్ట్రపతి భవన్లో ఉన్నదీ ఆయనే. రాజ్యాంగం ప్రకారం చేతులు కట్టేసి ఉంటాయి, నిజమే. తాతయ్య ఆ మాటే చెప్పి సర్దుకున్నాడు. నేను మాత్రం సర్దుకోలేను, 1954లో మంత్రి పదవి విసిరేసిన మనిషి 1974లోనూ విసిరేసి ఉండాల్సింది.