0.12 నుంచి కొత్త టెర్రాఫామ్‌కు మారేటప్పుడు ముందు కాపాడుకోవలసినది స్టేట్ ఫైలు

సర్వర్లు, నెట్‌వర్క్‌ల వంటివాటిని కోడ్‌గా రాసి నిర్మించే సాధనమైన టెర్రాఫామ్ 0.12లో ఆగిపోయిన కోడ్‌ను ఇప్పటి 1.x వెర్షన్‌కు తేవాలని, నడుస్తున్న సర్వర్లకు ఏమీ కాకుండా, పాత కోడ్‌ను పనిచేయనివ్వని బ్రేకింగ్ మార్పులను ఎలా దాటాలని మీరు అడిగారు. రిలీజ్ నోట్స్ చదివి, అప్‌గ్రేడ్ గైడ్ ప్రకారం కోడ్ దిద్దుకోమని ఎవరైనా చెబుతారు. అందులో తప్పేమీ లేదు గానీ, ఆ సలహా అంతా కోడ్ చుట్టూనే తిరుగుతుంది. కోడ్ పాడైతే గిట్‌లో ఒక కమిట్ వెనక్కి వెళితే సరిపోతుంది. టెర్రాఫామ్ తాను ఏమేమి సృష్టించిందో రాసిపెట్టుకునే స్టేట్ ఫైలు విషయంలో ఆ వెసులుబాటు లేదన్న సంగతి నాకు ఒక రాత్రంతా కూర్చున్నాక గాని అర్థం కాలేదు.

2020 ఆగస్టులో 0.13 విడుదలైంది. అప్పటికి మేము మీలాగే 0.12లో ఉన్నాము, మరుసటి నెలలో తీరికగా మారుదామని అనుకున్నాము. ఈలోగా మా జట్టులో ఒకరికి కొత్త ల్యాప్‌టాప్ వచ్చింది, అందులో ఆయన టెర్రాఫామ్‌ను ఇన్‌స్టాల్ చేసుకుంటే సహజంగానే అన్నిటికంటే కొత్త వెర్షన్ దిగింది. ఒక సాయంత్రం 443 పోర్టు తెరవడానికి అమెజాన్ క్లౌడ్ (ఏడబ్ల్యూఎస్)లో ఫైర్‌వాల్ వంటి సెక్యూరిటీ గ్రూపులో ఒక రూల్ చేర్చి, మార్పులను నిజంగా అమలు చేసే అప్లై కమాండ్‌ను ఆయన తన మెషీన్ నుంచే కొట్టారు. ఏ ఎర్రరూ రాలేదు, రూల్ చేరింది, ఆయన ఇంటికి వెళ్ళిపోయారు. అరగంట తరువాత, టెర్రాఫామ్‌ను దానంతటదే నడిపే నా పైప్‌లైన్ ఆగిపోయింది. ఈ స్టేట్‌ను మీకంటే కొత్త టెర్రాఫామ్ రాసింది, మీరు కూడా ఆ వెర్షన్‌కు మారితే తప్ప దీన్ని చదవడం కుదరదు అన్నది ఆ సందేశం సారాంశం. ఒకే ఒక్క రూల్ కోసం చేసిన అప్లై, మిగిలిన మా అందరినీ బయట నిలబెట్టింది.

స్టేట్‌ను ఎస్3 బకెట్‌లో, అంటే ఏడబ్ల్యూఎస్ ఫైళ్ళ నిల్వలో ఉంచేవాళ్ళం, పాత ప్రతులను దాచే వెర్షనింగ్ కూడా ఆన్‌లోనే ఉంది కనుక నేను ధైర్యంగానే ఉన్నాను. పాత ప్రతిని నేరుగా బకెట్‌లో పైకి తెచ్చాను. తీరా చూస్తే, స్టేట్‌లోని సమాచారం అనుకున్నట్టుగా లేదు, ఒకటి రెండు నిమిషాలు ఆగి మళ్ళీ ప్రయత్నించండి అని ఇంకొక ఎర్రర్ వచ్చింది. నేను నిజంగానే మూడుసార్లు ఆగి ప్రయత్నించాను. ఇద్దరు ఒకేసారి రాయకుండా లాక్ కోసం పెట్టుకున్న డైనమోడీబీ (ఏడబ్ల్యూఎస్ డేటాబేస్) టేబుల్‌లో స్టేట్ తాలూకు డైజెస్ట్ (ఫైలుకు వేలిముద్ర లాంటిది) కూడా ఉంటుందని, ఫైలు మార్చినప్పుడు దానిని కూడా మార్చాలని ఆ సందేశం చివరి వాక్యంలోనే రాసి ఉంది. ఆ చివరి వాక్యం వరకు నేను చదవలేదు.

డైజెస్ట్ సరిచేశాక, ఏమి మారబోతోందో ముందుగా చూపే ప్లాన్ నడిచింది, అయితే పాత స్టేట్‌కు ఆ సాయంత్రం చేరిన రూల్ సంగతి తెలియదు కాబట్టి దానిని మళ్ళీ సృష్టిస్తానంది. సృష్టించబోతే ఆ రూల్ ఇప్పటికే ఉందని ఏడబ్ల్యూఎస్ తిప్పికొట్టింది. ఇక మిగిలిన దారి ఇంపోర్ట్, అంటే ఇప్పటికే ఉన్నదానిని స్టేట్‌లోకి చేర్చుకోవడం. సెక్యూరిటీ గ్రూప్ రూల్‌కు ఒక సాదా ఐడీ ఇస్తే చాలదు, గ్రూప్ ఐడీ, దిశ, ప్రోటోకాల్, రెండు పోర్టులు, సైడర్ (ఐపీ చిరునామాల పరిధి) అన్నిటినీ అండర్‌స్కోర్లతో కలిపి ఒక దండలా గుచ్చి ఇవ్వాలి. అర్ధరాత్రి దాటాక ఆ దండ గుచ్చడం నాకు నాలుగో ప్రయత్నంలో కుదిరింది.

ఇందులో తప్పు ఆయనది కాదు, మాది. కోడ్‌లో రిక్వైర్డ్ వెర్షన్ అనే ఒక్క పంక్తిలో, 0.12ను దాటనివ్వకుండా, ~> 0.12.0 అని రాసి ఉంటే, ఆయన ల్యాప్‌టాప్‌లోని 0.13 స్టేట్‌ను తాకకముందే ఆగిపోయేది. మేము అక్కడ >= 0.12 అని రాసుకున్నాము. ఇలా దిగువ హద్దు పెట్టి పైహద్దు వదిలేయడం తలుపు మూసి కిటికీలు తెరిచిపెట్టడమే, అయినా నేను చూసిన ప్రాజెక్టుల్లో సగానికి పైగా ఇలాగే ఉంటాయి. 0.14 నుంచి వెర్షన్లను నమోదు చేసే లాక్ ఫైలు వచ్చింది కదా అని కొందరు అంటారు. అది ప్రొవైడర్లను, అంటే ఏడబ్ల్యూఎస్ వంటి సేవలతో మాట్లాడే ప్లగిన్లను మాత్రమే పట్టి ఉంచుతుంది, టెర్రాఫామ్ ప్రోగ్రామును గాని, తిరిగి వాడుకునే కోడ్ ముక్కలైన మాడ్యూళ్ళను గాని పట్టించుకోదు.

అందుచేత మీ మొదటి పని కోడ్ మార్చడం కాదు. అన్ని చోట్లా పైహద్దు పెట్టండి, ప్రతి డైరెక్టరీలో స్టేట్ పుల్ కమాండ్‌తో ఒక ప్రతి తీసి వేరేగా దాచుకోండి, అప్లై చేసే హక్కును పైప్‌లైన్‌కు మాత్రమే మిగల్చండి. తరువాత 0.12తోనే ప్లాన్ నడిపి, మార్పులేవీ లేవు అనే జవాబు వచ్చేదాకా పాత తేడాలన్నీ తీర్చుకోండి. అప్పుడు 0.13కు వెళ్ళి అప్లై చేయండి, అక్కడి నుంచి 0.14కు వెళ్ళి మళ్ళీ అప్లై చేయండి, ఈ రెండింటిలో దేనినీ దాటవేయవద్దు. 0.13లో ప్రొవైడర్ల పూర్తి చిరునామా స్టేట్‌లోకి చేరుతుంది కనుక, బయటివారు రాసిన ప్రొవైడర్లు ఉంటే స్టేట్‌లో రీప్లేస్-ప్రొవైడర్ కమాండ్ కూడా నడపవలసి వస్తుంది. 0.14 చేరాక నేరుగా 1.0కు దూకవచ్చు. 2021 జూన్‌లో వచ్చిన 1.0తో పాటు, 1.x అంతటా పాత కోడ్ పనిచేస్తుందన్న హామీ కూడా వచ్చింది, కనుక అక్కడి నుంచి మీకు భయం టెర్రాఫామ్‌తో కాదు, ప్రొవైడర్లతో.

ఈ ప్రయాణం మధ్యలో ఎవరో ఒకరు, ఎలాగూ ఫైళ్ళు తెరిచాము కదా, పేర్లు కూడా సరిచేద్దాం, ఒకే రకం వాటిని సంఖ్యతో సృష్టించే కౌంట్‌లన్నీ పేర్లతో సృష్టించే ఫర్-ఈచ్ చేసేద్దాం అంటారు. దయచేసి ఒప్పుకోకండి. రెండు పనులు కలిస్తే ప్లాన్ మూడు వందల పంక్తులు అవుతుంది, దానిని ఎవరూ చదవరు, చదివినట్టు తల మాత్రం ఊపుతారు. 1.1లో, పేరు మారిందని టెర్రాఫామ్‌కు చెప్పే మూవ్డ్ బ్లాకులు వచ్చాయి, పేర్లు మార్చడం అక్కడికి చేరాక చాలా తేలిక.

ప్లాన్ శుభ్రంగా ఉన్నంత మాత్రాన అంతా బాగుందని కూడా అనుకోవద్దు. 2022 ఫిబ్రవరిలో ఏడబ్ల్యూఎస్ ప్రొవైడర్ 4.0 వచ్చినప్పుడు, ఎస్3 బకెట్ రిసోర్సులో (కోడ్‌లో బకెట్‌ను వర్ణించే బ్లాకులో) ఉండే వెర్షనింగ్, లైఫ్‌సైకిల్, ఎన్‌క్రిప్షన్ వంటివి చదవడానికి మాత్రమే మిగిలి, విడివిడి రిసోర్సులుగా మారాయి. పాత పంక్తులకు ఎర్రర్ వస్తుంది. ఆ పంక్తులు తీసేస్తే ఎర్రర్ పోతుంది, మార్పులేవీ లేవనే ప్లాన్ చెబుతుంది. అయితే ఆ క్షణం నుంచి మీ బకెట్ వెర్షనింగ్‌ను టెర్రాఫామ్ చూసుకోవడం మానేస్తుంది, రేపు ఎవరైనా కన్సోల్‌లో ఆపేసినా మీకు తెలియదు. పంక్తి తీసిన చోటల్లా కొత్త రిసోర్సు రాసి ఇంపోర్ట్ చేయాలి. దీనితో పోలిస్తే, 2024 ఆగస్టులో వచ్చిన మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అజూర్ ప్రొవైడర్ 4.0 సబ్‌స్క్రిప్షన్ ఐడీ ఇస్తే తప్ప ప్లానే వేయననడం నా దృష్టిలో మర్యాదైన మార్పు. ముందే అరిచి చెబుతుంది.

తొందరపడిన జట్లు బకెట్ తరువాత బకెట్ ఇంపోర్ట్ చేసుకుంటూ ఉండగానే, 2022 ఏప్రిల్‌లో వచ్చిన ఏడబ్ల్యూఎస్ ప్రొవైడర్ 4.9.0లో ఆ పాత పంక్తులకు మళ్ళీ చోటిచ్చారు, ఇకపై వాడవద్దన్న హెచ్చరికతో. అప్పటి నుంచి ప్రొవైడర్ మేజర్ వెర్షన్ ఏది వచ్చినా మొదటి రెండు నెలలు నేను దాని జోలికి వెళ్ళను. మీరు కూడా 1.x చేరిన వెంటనే ప్రొవైడర్లను ముట్టుకోకుండా, పాత మేజర్ వెర్షన్‌లోని చిట్టచివరి విడుదలకు ముందు చేరి, అందులో వచ్చే డిప్రికేషన్ (ఇకపై వాడవద్దనే) హెచ్చరికలన్నీ తీర్చుకున్నాకే పై మెట్టు ఎక్కండి.