చిన్నీ, ఛానల్ మొదలుపెట్టే ముందు ఇది చదువు

చిన్నీ,

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి గుంటూరు వచ్చేశావట. ఫోన్లలో తిరిగే రాజకీయ అబద్ధాలను తేల్చి చెప్పడానికి యూట్యూబ్ ఛానల్ పెడుతున్నావట. మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, చెబుతూ చెబుతూ ఏడ్చింది. నాకు మాత్రం ముందు గర్వంగా అనిపించింది. భయం ఫోన్ పెట్టేశాక మొదలైంది. వద్దని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. బెజవాడలో పత్రిక డెస్కు మీద జీవితం గడిపినవాడిని, నాకు తెలిసింది నీకు చెప్పకపోతే ఇంకెవరికి చెబుతాను? ఫోన్లో అయితే "సరే మావయ్యా" అని రెండు నిమిషాల్లో పెట్టేస్తావు.

నీకు తెలిసినవాటితో విసిగించను. ఫొటో వస్తే గూగుల్ లెన్స్‌లో వెతుకు. ప్రసంగంలో ముక్క వస్తే మొత్తం ప్రసంగం వినకుండా నోరు విప్పకు. ఊరి పేరుతో, దేవుడి బొమ్మతో నడిచే ఫేస్‌బుక్ పేజీ కనిపిస్తే, పేజీ ట్రాన్స్‌పరెన్సీలోకి వెళ్లి అది ఎప్పుడు పుట్టిందో, ఎన్ని పేర్లు మార్చుకుందో చూడు. రాజకీయ ప్రకటనలకు డబ్బు ఎవరు కట్టారో మెటా యాడ్ లైబ్రరీలో ఉంటుంది.

పత్రిక క్లిప్పింగు అని వచ్చేవాటి దగ్గర మాత్రం కాసేపు ఆగు. దొంగ క్లిప్పింగు చేసేవాడు పత్రిక పేరు దించుతాడు, రంగు దించుతాడు. అక్షరం దగ్గర దొరికిపోతాడు. ప్రతి పత్రికకూ తనదైన అక్షరం ఉంటుంది. ఒత్తులు ఎంత కిందికి దిగాలో, రెండు లైన్ల మధ్య ఎంత జాగా ఉండాలో అన్నీ స్థిరంగా ఉంటాయి. డేట్‌లైన్‌లో ఊరి పేరు తర్వాత ఏం రాయాలో ప్రతి పత్రికకూ ఒక పద్ధతి ఉంటుంది. అన్నిటికంటే గట్టి పరీక్ష, ఆ తేదీ ఈ-పేపర్ తెరిచి చూడటం. అందులోనూ తొందరపడకు. గుంటూరు ఎడిషన్‌లో లేని వార్త కృష్ణా ఎడిషన్‌లో ఉండొచ్చు. ఒక్క ఎడిషన్ చూసి "ఇది ఫేక్" అన్నావంటే, ఆ రోజుతో నీ ఛానల్ సంగతి అయిపోయినట్టే.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది. 1990ల మొదట్లో సంగతి. పత్రిక పేరు వద్దులే. తెనాలి దగ్గర ఒక ఊళ్లో సాయంత్రం పూట బియ్యం బస్తాలతో వెళ్తున్న ట్రాక్టరును కొందరు ఆపారు. ఊళ్లో రెండు వర్గాలు. ఆపినవాళ్లది ఒక వర్గం, రేషన్ డీలరుది ఇంకో వర్గం. మా కంట్రిబ్యూటరు, అంటే ఆ ఊరి నుంచి వార్తలు పంపేవాడు, ఆపినవాళ్ల బంధువు. రాత్రి జిల్లా పేజీలు మూసే వేళకి వార్త వచ్చింది. "రేషన్ బియ్యం పక్కదారి" అని నాలుగు కాలమ్‌ల శీర్షిక, కింద డీలరు పేరు, తండ్రి పేరుతో సహా. చివర "డీలరును సంప్రదించగా అందుబాటులోకి రాలేదు" అని ఒక వాక్యం. ఆ మనిషి ఇంట్లో ఫోనే లేదు. ఎవరూ సంప్రదించలేదు. డెస్కు ఇన్‌చార్జి ఒక్క ప్రశ్న కూడా అడగకుండా పేజీ వదిలేశాడు.

మర్నాడు మొదటి బస్సుకే డీలరు ఆఫీసుకు వచ్చాడు. జేబులో మండల రెవెన్యూ అధికారి ఇచ్చిన కాగితం ఉంది. పక్క ఊరి డీలరును సస్పెండ్ చేశారు కాబట్టి ఆ కార్డుదారులకు కూడా నువ్వే బియ్యం ఇవ్వాలి, సరుకు అక్కడికి చేర్చు అని అందులో రాసి ఉంది. ఆ కాగితాన్ని ఆయన నాలుగు మడతలు పెట్టి పట్టుకున్నాడు. అడిగినవాళ్లకల్లా మడత విప్పి చూపిస్తున్నాడు. ఇన్‌చార్జి కూడా చూశాడు. తప్పు జరిగిందని ఒప్పుకున్నాడు, సవరణ వేస్తానన్నాడు, మాట మీద నిలబడి వేశాడు. ఆరో పేజీలో, మార్కెట్ ధరల కింద, మూడు లైన్లు: "నిన్నటి సంచికలో తెనాలి ప్రాంతానికి సంబంధించిన ఒక వార్తలో కొన్ని వివరాలు సరిగా రాలేదని గమనించగలరు."

అంతే. పేరు లేదు. ఏ వార్తో లేదు. ఏ వివరం తప్పో లేదు. డీలరు ఆ ముక్క కత్తిరించి జేబులో పెట్టుకుని కనబడినవాళ్లకల్లా చూపించాడు. చదివినవాళ్లు "ఇందులో నీ సంగతి ఎక్కడుంది?" అని అడిగారు. రేపల్లె నుంచి కూతురికి ఖాయమైన సంబంధం ఆగిపోయింది. ఎదుటి వర్గం వాళ్లు డబ్బిచ్చి సవరణ వేయించుకున్నాడన్నారు. ఆయన వర్గం వాళ్లు ఆ పత్రికను ఊళ్లోకే రానివ్వకూడదన్నారు. తర్వాత ఆ ఊరి గురించి ఆ పత్రిక రాసిన నిజాలు కూడా సగం ఊరికి అబద్ధాలే అయిపోయాయి.

తప్పు వార్త వేయడం ఒక ఎత్తు, చిన్నీ. అలాంటి సవరణ వేయడం నా దృష్టిలో అంతకంటే పెద్ద తప్పు. నీ ఛానల్‌లో కూడా ఏదో ఒక రోజు పొరపాటు జరుగుతుంది. ఆ రోజు వీడియో చప్పుడు చేయకుండా తీసేయకు. తర్వాతి వీడియో మొదట్లోనే, పాత వీడియోలో ఏమన్నానో, అందులో ఏది తప్పో, ఎందుకు తప్పిందో, ఎవరికి నష్టం జరిగిందో పేరు పెట్టి చెప్పు. పాత వీడియో కింద మొదటి కామెంటుగా అదే పిన్ చెయ్యి. ఆ మనిషి గుంటూరులోనో, తాడేపల్లిలోనో ఉంటే స్వయంగా వెళ్లి కలువు. "సంప్రదించగా అందుబాటులోకి రాలేదు" అనే మాట నీ నోట వచ్చిందంటే, ఎన్నిసార్లు ఫోన్ చేశావో, ఏ టైముకు చేశావో నీ దగ్గర రాసి ఉండాలి.

నా వయసువాళ్లు ఒకప్పుడు అంతా బాగుండేదంటారు. అది నిజం కాదు. పార్టీల ప్రచారం అప్పుడూ ఉంది. 1952లో విశాలాంధ్ర బెజవాడ నుంచి మొదలైంది. కమ్యూనిస్టుల పత్రికని దాచుకోలేదు, చదివేవాళ్లకూ తెలుసు. పేరు చెప్పుకుని చేసే ప్రచారంతో నాకు పేచీ లేదు. నేను చదువుకునే రోజుల్లో సాయంత్రాలు రామ్మోహన గ్రంథాలయానికి వెళ్లేవాణ్ని. బల్ల మీద పత్రికలు కొన్నే ఉండేవి, జనం ఎక్కువ. నీకు కావలసిన పత్రిక ఇంకొకరి చేతిలో ఉంటే, అది ఖాళీ అయ్యేదాకా చేతికందిన ఇంకో పత్రిక చదవాల్సిందే. కాంగ్రెస్ అభిమాని విశాలాంధ్ర చదివేవాడు, కమ్యూనిస్టు ఆంధ్రప్రభ చదివేవాడు. ఇష్టం లేకుండానే ఎదుటివాడి వాదన చెవిన పడేది. ఫోన్‌లో ఆ అవసరం పోయింది. ఒక నాయకుణ్ని తిట్టే వీడియో పూర్తిగా చూశావంటే, యూట్యూబ్ అలాంటివే ఇంకో పది తెచ్చి పెడుతుంది. నెల తిరిగేసరికి ఊళ్లో అందరూ నాలాగే ఆలోచిస్తున్నారని మనిషి గట్టిగా నమ్ముతాడు. ఒప్పుకోనివాడు కనిపిస్తే, వీడు అమ్ముడుపోయాడనే అనుకుంటాడు.

దాని ఫలితం మా కాలనీలో కళ్లారా చూశాను. 2024 మే 13న పోలింగ్ అయ్యాక, గొడవలు పడి పడి మా కాలనీ వాట్సాప్ గ్రూపు రెండైంది. సెప్టెంబరు 1న బుడమేరు పొంగినప్పుడు, మా వీధి చివరి కుర్రాడు పొద్దున్నే ఒక వీడియో పెట్టాడు. పక్క వీధిలో నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి, బళ్లు తీసేయండి, కింద వాటాల వాళ్లు పైకి ఎక్కండి అని అందులో అరుస్తున్నాడు. ఆ కుర్రాడు ఎన్నికలప్పుడు ఒక పార్టీకి పోస్టులు పెట్టేవాడు. ఆ వీడియోను ఎవరో రెండో గ్రూపులో వేస్తే కింద వచ్చిన జవాబులు నేను చదివాను. "మళ్లీ మొదలుపెట్టారు." "ఎక్కడిదో పాత వీడియో." "ప్రభుత్వాన్ని బద్నాం చేయడానికే." ఆ వీడియోలో వెనక కనిపిస్తున్నది మన కిరాణా కొట్టు బోర్డే. అయినా ఎవరూ కదల్లేదు. మధ్యాహ్నానికి నీళ్లు ఛాతీ దాకా వచ్చాయి. కింద వాటాలో ఉండే టైలరు రెండు కుట్టు మిషన్లూ, పెళ్లివాళ్లు కుట్టడానికిచ్చిన గుడ్డలూ మునిగిపోయాయి.

బుడమేరు డైవర్షన్ కాలువకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. సైన్యం కూడా వచ్చి చేయి వేస్తే, సెప్టెంబరు 7కి గానీ పూడలేదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది, పడవలు కొట్టుకొచ్చి గేట్లకు తగిలాయి. మా రెండు గ్రూపుల్లోనూ వారాల తరబడి ఆ పడవలు ఎవరివి, ఎవరి కుట్ర అన్నదే చర్చ. ఇంకోసారి నీళ్లొస్తే మనకు ముందే ఎవరు చెప్పాలి, చెబితే మనం ఎలా నమ్మాలి అని ఒక్కరూ అడగలేదు. నీ ఛానల్ గురించి వినగానే నాకు గుర్తొచ్చింది ఇదే. అబద్ధాన్ని నమ్మడం ఒక నష్టం. నిజం చెప్పినా నమ్మకపోవడం వల్ల మా వీధికి జరిగింది ఇంకో నష్టం. నువ్వు రెండోదాని కోసం కూడా పని చెయ్యాలి. పొద్దున్నుంచి రాత్రిదాకా "ఫేక్, ఫేక్" అని మాత్రమే అరిస్తే, జనానికి ఏదీ నమ్మకూడదన్న ఆలోచనే మిగులుతుంది.

అందుకని మొదటి వీడియోలు పార్టీల మీద చెయ్యకు. వానొచ్చిన ప్రతిసారీ కలెక్టర్ సంతకంతో దొంగ సెలవు ఆర్డరు తిరుగుతుంది, దాని మీద చెయ్యి. పరీక్ష వాయిదా పడిందని వచ్చే దొంగ నోటీసు మీద చెయ్యి. మిర్చి యార్డు ధరల మీద చెయ్యి. క్వింటా ఇంత పలికిందని ఎవరో పెట్టిన మెసేజ్ చూసి రైతు లారీ కట్టించుకుని గుంటూరు దాకా వస్తాడు. యార్డుకు పోయి, అక్కడి ధర తెలుసుకుని చెప్పు. ఇలాంటివాటిలో నువ్వు చెప్పింది నిజమని పదిమందీ కళ్లతో చూస్తే, రేపు వాళ్ల నాయకుడి గురించి చెప్పినప్పుడు కనీసం చివరిదాకా వింటారు.

చెప్పే పద్ధతి కూడా ముఖ్యం. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు లేచి దేశంలో చాలా చోట్ల అమాయకుల్ని కొట్టి చంపారు. ఆ ఏడాదే వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డును ఐదు చాట్‌లకు పరిమితం చేసింది. అప్పుడు గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఒక ప్రకటన ఇచ్చి ఊరుకోలేదు. పోలీసుల్ని ఊళ్లలోకి పంపారు, జానపద కళాకారులతో పాటలు కట్టించి చెప్పించారు. ఊరివాళ్లకు తెలిసిన మనిషి ఎదుట నిలబడి చెబితే నమ్ముతారు. నువ్వు కూడా కెమెరా ముందు కూర్చుని తీర్పులివ్వకు. ఆ కాగితం ఎక్కడ దొరికిందో, ఎవరిని అడిగావో చూపించు. అబద్ధం నమ్మినవాణ్ని వెక్కిరించకు. మీ నాన్న కూడా అలాంటివి ఫార్వర్డ్ చేసినవాడే, ఆయన చెడ్డవాడా?

ఇక నా భయాలు. మొదటి కామెంటే నీ కులం మీద వస్తుంది. నీ ఇంటిపేరు పట్టుకుని నువ్వు ఎవరి మనిషివో తేల్చేస్తారు. ఒక వైపు వాళ్లు పేటీఎం బ్యాచ్ అంటారు, ఇంకో వైపు వాళ్లు పచ్చ బ్యాచ్ అంటారు. జవాబివ్వకు. రాత్రి పదయ్యాక కామెంట్లు అసలు తెరవకు. నీ ఫొటోలు మార్ఫింగ్ చేస్తారు, ఇది ఆడపిల్లలకు తప్పకుండా చేస్తున్నారు. ఇప్పుడే పాత ఫొటోలన్నీ ప్రైవేట్‌లో పెట్టు. అలాంటిది జరిగితే సిగ్గుపడి దాచొద్దు. స్క్రీన్‌షాట్లు తీసుకో, లింకులు రాసి పెట్టుకో, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చెయ్యి. ఆ వెంటనే నాకు చెప్పు. మీ అమ్మకు నేను చెబుతాను.

కేసుల సంగతి కూడా. ఆన్‌లైన్ పోస్టుల మీద కేసులు పెట్టడానికి వాడిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015లో కొట్టేసింది. అంతమాత్రాన నిశ్చింత లేదు. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో పుకార్లు పుట్టించడం మీద 353, వర్గాల మధ్య ద్వేషం రెచ్చగొట్టడం మీద 196 సెక్షన్లు ఉన్నాయి. ఏ పార్టీ అధికారంలో ఉన్నా పోస్టుల మీద కేసులు పెట్టడం మనం చూస్తూనే ఉన్నాం. అరెస్టు చేయకుండా విచారణకు రమ్మని పోలీసులు ఇచ్చే కాగితాన్ని అందరూ 41ఏ నోటీసు అంటారు, అది ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహితలో 35(3). సాక్షిగా విచారించాలన్నా ఆడవాళ్లను వాళ్ల ఇంటి దగ్గరే విచారించాలని అదే సంహిత 179లో ఉంది. ఎవరైనా ఫోన్ చేసి స్టేషన్‌కు రమ్మంటే, నోటీసు కాగితం మీద ఇవ్వమని మర్యాదగా అడుగు. ఒక్కదానివే వెళ్లకు. అర్ధరాత్రైనా ఫోన్ చెయ్యి, లాయరుతో నేను వస్తాను.

డబ్బు గురించి ఒక్క మాట. పార్టీవాళ్లు ఇవ్వజూపే డబ్బు తీసుకోకు, అది సన్మానం పేరుతో వచ్చినా, ప్రకటన పేరుతో వచ్చినా. ఖర్చులు ఎలా నడుస్తున్నాయో నెల నెలా ఛానల్‌లోనే చెప్పు. మొదటి ఆరు నెలలు అద్దె నేను కడతాను. ఇది నేను చెబుతున్నానని కూడా ఛానల్‌లో చెప్పు.

మొదటి స్క్రిప్టులు బయట పెట్టే ముందు నాకు పంపు. అక్షర దోషాలు దిద్దుతాను. నీ అభిప్రాయాల్లో వేలు పెట్టను. కానీ "తెలిసింది", "సమాచారం" అని రాసిన ప్రతిచోటా ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు అని అడుగుతాను. జవాబు దగ్గర పెట్టుకునే పంపు.

మీ మావయ్య
పాయకాపురం, విజయవాడ