హోష్‌రుబాని మధ్యలో వదిలెయ్యకు, చిట్టీ

చిట్టీ,

నిన్న ఫోన్లో “పెదనాన్నా, మీరిచ్చిన హోష్‌రుబా పుస్తకం నా వల్ల కాదు, ఎనభై పేజీలకే పేర్లన్నీ కలగాపులగం అయిపోయాయి” అన్నావు చూడు, నవ్వొచ్చింది. నువ్వు బెంగళూరు ట్రాఫిక్‌లో క్యాబులో కూర్చుని దాన్ని డిటెక్టివ్ నవలలా చదువుతున్నావని అర్థమైపోయింది.

ముందు, మొదటి పుస్తకం చదవలేదన్న టెన్షన్ వదిలెయ్. అమీర్ హంజా అనే వీరుడి సాహసాల కథకి ఇది కొనసాగింపే, ఉర్దూ నుంచి ఇంగ్లీషులోకి తెచ్చిందీ ఒకరే, ముషర్రఫ్ అలీ ఫారూఖీ, అది 2007లో, ఇది 2009లో. కానీ నీకు కావలసిన లంకె ఒక్కటే: దేవుణ్ణని చెప్పుకు తిరిగే లఖాని హంజా తరుముతున్నాడు, వాడు పారిపోయొచ్చి మాంత్రికుల చక్రవర్తి అఫ్రాసియాబ్ అండ చూసుకున్నాడు. అంతే.

పేర్లు గుర్తుపెట్టుకోకు. ఈ పుస్తకంలో మాంత్రికుడు చస్తే చీకటి కమ్మి, గోల చెలరేగి, ఫలానావాడు పోయాడని ఓ గొంతు పేరు చెప్పి మరీ అరుస్తుంది. చావుకి ముందు వాడి పేరు నీకెందుకు?

ఇంకోటి. ఇది 1883లో లక్నోలో నవల్ కిశోర్ ప్రెస్‌లో అచ్చవడానికి ముందు దాస్తాన్‌లు, అంటే పొడుగాటి సాహస గాథలు, చెప్పేవాళ్ల నోట పెరిగిన కథ, అందుకే అదే వేషం, అదే మత్తుమందు, అదే మోసం మళ్లీ మళ్లీ వస్తాయి. కంటితో చదివితే విసుగే. నేను వడపళనిలో సాయంత్రాలు బాల్కనీలో కూర్చుని పది పేజీలు చదివి, అక్కడికక్కడే మీ పెద్దమ్మకి తెలుగులో చెప్పేవాణ్ణి, ఆవిడ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ వినేది. అయ్యార్ అన్న మాటని టక్కరి అనేశాను, చక్కగా అతికింది. మంత్రాలతో కట్టిన దేశాన్ని తిలిస్మ్ అంటారు, దానికి మాత్రం మాట దొరక్క అలాగే ఉంచేశా. ‘మాయాలోకం’ అంటే సరిపోదమ్మా, మన కథల్లో మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉంటుంది కదా, ఇక్కడ దేశం దేశమే ఆ చిలక, దాని మెడ విరిచేవాడెవడో ముందే రాసిపెట్టి ఉంటుంది.

అసలు మజా హంజా స్నేహితుడు అమర్ అయ్యార్‌ది. మంత్రం ఒక్కటీ రాదు, ఒట్టి పిసినారి, కనపడిన నగా నట్రా అంతా జంబీల్ అనే సంచీలో వేసేస్తాడు, అది ఎప్పటికీ నిండదు. వాడు సంచీ మూతి విప్పగానే మీ పెద్దమ్మ చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయేది, “ఈసారి ఏం కాజేశాడు?” అని. మంత్రాలన్నీ వచ్చినవాళ్లు ఏమీ రాని టక్కరి చేతిలో బోల్తా పడుతుంటే ఎవరికి బాగుండదు చెప్పు.

నీ రూమ్మేట్ తెలుగమ్మాయే కదా, రాత్రి అన్నాలయ్యాక రోజుకో పది పేజీలు తనకి చెప్పి చూడు. రోజుకి అంతకంటే వద్దు. యుద్ధాల వర్ణనలు దాటేసినా నేనేమీ అనను, నేనూ దాటేశాను.

అప్పటికీ ఎక్కకపోతే పండక్కి బృందావన్ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చేటప్పుడు పుస్తకం పట్టుకొచ్చెయ్. మీ పెద్దమ్మ మళ్లీ మొదట్నించీ వింటానంటోంది.

మీ పెదనాన్న